ధూమగిరి మాంత్రికుడి ఒప్పుకోలు

కార్తీక శుద్ధ అష్టమి నాడు, పొద్దు పడమటికి వాలుతున్న వేళ, ఇద్దరు ఆశ్వికులు ధూమగిరి కోట ముందు కళ్లేలు బిగబట్టారు. మొదటి గుర్రం మీద మణిద్వీప మహారాణి దూత వేషంలో ఉన్నది వకుళ. ఆమె గుగ్గిలం వర్తకుడు నందిగుప్తుడి ఒక్కగానొక్క కూతురు. రెండో గుర్రం మీద అంగరక్షకుడి వేషంలో ఉన్నవాడు సారంగుడు. ఒకప్పుడు రాజుగారి ఆశ్వికదళంలో ఈటె పట్టినవాడు, ఇప్పుడు నందిగుప్తుడి సరుకు బండ్లు తోలుతున్నాడు. మణిద్వీపం అనే దేశం ఎక్కడుందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. దారిలో ఒక సత్రం దగ్గర కూర్చుని వకుళే ఆ పేరు పెట్టింది.

ఆ కోట సొగసు చెప్పనలవి కాదు. ఏడు ప్రాకారాలు, ఏడింటి చుట్టూ ఏడు రంగుల పొగలు. నీలి పొగ నెమలి పురిలా విచ్చుకుంటే, దాని వెనక పసుపు పొగ చేమంతి తోటలా అలలు పోతోంది. బురుజుల మీది రాతి సింహాలు ఆవలించినప్పుడల్లా వాటి నోళ్లలోంచి నిప్పురవ్వలు సంపెంగ రేకుల్లా రాలుతున్నాయి. వెయ్యిన్నొక్క మెట్లూ చంద్రకాంత శిలలు. సింహద్వారానికి ఒక పక్కన, నవరత్నాలు పొదిగిన బల్ల మీద, "ఇచ్చట తాయెత్తులు టోకున అమ్మబడును" అని రాసి ఉంది.

బల్ల కింద ఒక ముంగిస కూర్చుని ఉంది. దాని మెడలో రాజుగారి న్యాయస్థానపు ఇత్తడి బిళ్ల వేలాడుతోంది. నిరుడు పన్ను బాకీ వసూలుకని వచ్చిన అమీను అతను.

సారంగుడు ముంగిసను, బిళ్లను చూసి, "అమ్మాయిగారూ, మనం నేరుగా డబ్బు అడక్కపోవడమే మంచిదైంది" అన్నాడు.

వకుళ వచ్చిన పని చూడటానికి చిన్నదే. ఈ కోట యజమాని భస్మకేశుడి చేత ఒక తాటాకు మీద నాలుగు ముక్కలు రాయించుకుని, చేవ్రాలు చేయించుకుని, పొద్దు గుంకేలోగా బయటపడాలి.

సరిగ్గా మూడేళ్ల కిందట ఇదే అష్టమి నాడు భస్మకేశుడు నందిగుప్తుడి దగ్గర తొమ్మిది వందల బస్తాల గుగ్గిలం అరువుకు తీసుకున్నాడు. తాయెత్తుకు చిటికెడు చొప్పున ఏడాదికి లక్ష తాయెత్తులు అమ్మే వ్యాపారం అతనిది. బాకీ ఎనిమిది వేల నాలుగు వందల వరహాలు. అడిగినప్పుడల్లా "వచ్చే పున్నమికి" అన్న కబురు, దాంతో పాటు ఒక తాయెత్తు ఉచితంగా వచ్చేవి. నందిగుప్తుడి దగ్గర ముప్ఫై ఆరు తాయెత్తులు పోగయ్యాయి.

అడవిలో చెట్లెక్కి ఆ గుగ్గిలం గీసి తెచ్చిన కొండవాళ్లు మాత్రం తాయెత్తులు పుచ్చుకోలేదు. వాళ్లు మర్యాదస్తులు. నందిగుప్తుణ్ణి డోలీలో మోసుకుపోయి, తేనె, వెదురు బియ్యపు అన్నం పెట్టి, జామీనుగా తమ కొండ మీద కూర్చోబెట్టారు. "మా కూలి ఈ పౌర్ణమికి చేరకపోతే నువ్వే చెట్లెక్కి గీసి తీర్చుకో సామీ" అన్నారు. వాళ్ల లెక్క ప్రకారం నూట నాలుగేళ్లు గీయాలి. నందిగుప్తుడికి అరవై రెండేళ్లు. ఎడమ మోకాలు వంగదు.

ఈ సంగతి వకుళకు తెలిసేసరికి ఇంకో చిక్కు వచ్చిపడింది. హేమకూట రాజ్యపు శాసనం ప్రకారం వ్యాపారపు బాకీ మూడేళ్లలోగా న్యాయస్థానానికి రావాలి. రాకపోతే ఆ తరువాత ఎవరు మొత్తుకున్నా వినేవాళ్లుండరు. అయితే ఆ మూడేళ్లు నిండకముందే బాకీదారు తానే "బాకీ ఉన్నాను" అని రాసి చేవ్రాలు చేస్తే, గడువు ఆనాటి నుంచి మళ్లీ మొదలవుతుంది. గడువుకు మిగిలినవి నాలుగు రోజులు. ఆమె ఊరి నుంచి న్యాయస్థానానికి ఆరు రోజుల దారి, ధూమగిరికి నాలుగు. అందుకని వకుళ ధూమగిరికి వచ్చింది.

భస్మకేశుడి సభామండపంలో నలభై భూతాలు వరసగా కూర్చుని తాయెత్తులు చుడుతున్నాయి. ఎదురుగా ఏనుగు దంతాల గద్దె. దాని మీద తాటిచెట్టంత మనిషి. బూడిదరంగు జుట్టు గద్దె దిగి, మెట్లు దిగి, నేల మీద చుట్టలు చుట్టుకుని ఉంది.

"మణిద్వీపం నుంచా!" అన్నాడు భస్మకేశుడు. "మీ రాణీగారి తాతగారిని నేనెరుగుదును. మహా భోక్త."

వకుళ చేతులు జోడించింది. "ఆయన మిమ్మల్ని తలుచుకోని రోజు లేదట ప్రభూ. మా రాణీగారికి ఏటా పదివేల తాయెత్తులు కావాలి. అయితే ఒక నియమం ఉంది. పరపతి గల వర్తకుడితో తప్ప ఆమె బేరం పెట్టుకోరు."

"పరపతా? ఈ కోట చూశావా?"

"చూశాను ప్రభూ. కానీ మా రాణీగారు అనేదేమిటంటే, మనిషి గొప్పతనం వాడి ఇంట్లో ఉన్న సొమ్ములో తెలియదట. వాడికి బయట ఎంత అప్పు పుడుతుందో దాన్లో తెలుస్తుందట. ఎవరి దగ్గర ఎంత అరువు తెచ్చారో మీ చేత్తో రాసిస్తే తీసుకువెళ్లి చూపిస్తాను."

భస్మకేశుడు గడ్డం దువ్వుకున్నాడు. కిటికీలోంచి పడుతున్న ఎండ అప్పటికే మూడో స్తంభం దాటి నాలుగో స్తంభం మీదికి జరిగింది. వకుళ ఆ ఎండ వంక చూడకుండా ఉండటానికి భూతాల వంక చూసింది.

"కుండలవాడికి నలభై వరహాలు ఇవ్వాలి" అన్నాడు భస్మకేశుడు కాసేపు ఆలోచించి.

"నలభయ్యా?" వకుళ మొహం వాడిపోయినట్టు పెట్టింది. "రక్తశైలం మాంత్రికుడికి నాలుగు వేలు అప్పు పుట్టిందని రాసిచ్చాడు ప్రభూ. సరేలెండి, సెలవు."

"ఆగు! నాలుగు వేలా? ఆ కప్పలు పట్టుకునేవాడికా?" గద్దె దిగి వచ్చేశాడు భస్మకేశుడు. "ఒరేయ్, తాటాకు, ఘంటం పట్రండ్రా!"

రాస్తూ ఉంటే వకుళ పక్కనే నిలబడింది. తిథి, ఘడియ కూడా వేయమని అడిగింది, తమ రాణి ముహూర్తాలు చూస్తుందని చెప్పి. అతను చివర చేవ్రాలు చేసి, తాటాకు ఎత్తి పట్టుకుని, నలభై భూతాలకూ వినపడేటట్టు చదివాడు:

"మణిద్వీప మహారాణీవారికి ధూమగిరి భస్మకేశుడు వ్రాయించునది కాదు, స్వహస్తమున వ్రాసినది. నేను వర్తకుడు నందిగుప్తుని వద్ద తొమ్మిది వందల బస్తాల గుగ్గిలము అరువున తీసుకొన్నమాట నిజము. అందులకు ఎనిమిది వేల నాలుగు వందల వరహాలు ఈనాటికిని అతనికి బాకీ యున్నాను. ఆ సొమ్ము నేను ఇవ్వను. అడుగు ధైర్యము అతనికి లేదు. కార్తీక శుద్ధ అష్టమి, సూర్యాస్తమయమునకు నాలుగు గడియల ముందు. భస్మకేశుడు."

"ఇవ్వను" అన్న మాట దగ్గర వకుళ చప్పున తలెత్తింది. ఆ ఒక్క ముక్క తీసేయమని అడగడానికి వీలు లేదు. తాటాకును మసి పూసి తుడిచి, చుట్టి, వెదురు గొట్టంలో పెట్టుకుని, బిరడా బిగించింది.

"తాయెత్తు ఒక్కింటికి రెండు వరహాలు" అన్నాడు భస్మకేశుడు.

"అలాగే ప్రభూ" అని దణ్ణం పెట్టి వకుళ వెనుదిరిగింది.

ఆమె వెయ్యిన్నొక్క మెట్లూ దిగి గుర్రం ఎక్కేదాకా భస్మకేశుడు సంతోషంగానే ఉన్నాడు. ఆ తరువాత అతనికి ఒక సందేహం వచ్చింది. ముప్ఫై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నాడు. పదివేల తాయెత్తులు కొనే మనిషి చెప్పిన ధరకు కిక్కురుమనకుండా ఒప్పుకుని వెళ్లడం ఎప్పుడూ చూడలేదు. అంటే ఆ మనిషి కొనడానికి రాలేదు.

కోట మీది ఏడు రంగుల పొగలూ ఒక్కసారిగా నల్లబడ్డాయి.

"వెనక్కి చూడకమ్మా, తోలు!" అని సారంగుడు అరిచాడు. కొండ మీంచి పొగ పులులు దూకుతున్నాయి. ఒకటి, పది, ముప్ఫై. ఏనుగు గున్నలంత పులులు, కళ్ల స్థానంలో ఎర్రటి నిప్పు కణికలు. సారంగుడు వెనుదిరిగి ఈటె విసిరాడు. ఈటె మొదటి పులి నుదుట దిగి, వెనకనుంచి బయటికొచ్చి, రాయికి తగిలి విరిగింది. పులికి ఏమీ కాలేదు. అది వకుళ గుర్రం తోకను నోట కరిస్తే తోక కాలిపోయింది.

"పొగను పొడిచి లాభమేముంది సారంగన్నా! వచ్చేటప్పుడు చూసిన జలపాతం వైపు!" అంది వకుళ.

గుర్రాలు రెండూ జలపాతం కిందికి దూకాయి. పులులూ దూకాయి. నీళ్లలో పడ్డ పులి పడ్డట్టే చుయ్యిమని ఆవిరైపోయింది. అవతలి గట్టుకు చేరేసరికి వకుళ నిలువెల్లా తడిసి ఉంది. వెదురు గొట్టంలోంచి నీళ్లు కారుతున్నాయి.

సారంగుడు గుర్రం దిగి దగ్గరికొచ్చాడు. "పత్రం పోయిందా అమ్మా?"

ఆమె తాటాకు విప్పి ఎండకు పట్టి చూసింది. "మసి కడుక్కుపోయింది. ఘంటం గీత ఎక్కడికి పోతుంది? చదువుకోవచ్చు."

మర్నాడు ఉదయం క్రౌంచలోయ మీది వెదురు వంతెన ఎక్కి సగం దూరం వచ్చాక, వెదుళ్లన్నీ పాములుగా మారాయి. కింద వెయ్యి బారల లోతు. గుర్రాలు బెదరకుండా వాటి కళ్లకు పైగుడ్డలు చుట్టి, "తలలు మనవైపున్న పాముల్ని వదిలేసి, తోకలు మనవైపున్న వాటి మీద అడుగు వేయండమ్మా" అని సారంగుడు ముందు నడిచాడు. వాళ్లు దాటిన మరుక్షణం పాములు ఒకదాన్నొకటి వదిలేసుకుని లోయలోకి జారిపోయాయి. ఆ విధంగా ఆ ప్రాంతపు ప్రజలకు వంతెన లేకుండా పోయింది.

ఆ మధ్యాహ్నం రొట్టె తుంచుకుంటూ సారంగుడు నిన్నటి నుంచి మనసులో నానుతున్న మాట అడిగాడు.

"అమ్మాయిగారూ, నాకు చదువు రాదు కాబట్టి అడుగుతున్నా. 'బాకీ ఉన్నాను' అని రాశాడు, బాగానే ఉంది. వెంటనే 'ఇవ్వను' అని కూడా రాశాడే. మరి అది చెల్లుతుందా?"

"తెలియదు" అంది వకుళ.

"తెలియదా?"

"తెలిస్తే రాత్రి నిద్రపోయేదాన్ని."

సారంగుడు తన వాటా రొట్టెలో సగం ఆమె ముందు పెట్టాడు.

ఏకాదశి నాడు తెల్లవారేసరికి హేమకూట నగరం కనిపించింది. బంగారు పూత పూసిన మేడలు, మేడల మీద పావురాల గుంపులు, వీధి వీధికీ చందనపు నీళ్లు చల్లిన ముంగిళ్లు. కోటగుమ్మం దగ్గర పూలమ్మేవాళ్ల సందడి మధ్య ఒక ముసలాయన కర్ర ఊతంతో నిలబడి ఉన్నాడు. వకుళ ఆయన్ని చూసి గుర్రం మీంచి దూకేసింది.

ఆయన నందిగుప్తుడు.

"నాన్నా!"

"వచ్చావా తల్లీ!" ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "కొండవాళ్లు జాలి తలిచి వదిలిపెట్టారమ్మా. నీ కోసం నిన్నటి నుంచి ఇక్కడే ఉన్నాను. ఎంత చిక్కిపోయావు! పత్రం దొరికిందా? ఇటు ఇవ్వు, ఇక నేను చూసుకుంటాను. నువ్వు వెళ్లి పడుకో."

పన్నెండు రోజుల తరువాత తండ్రి గొంతు. ఇక తను చూసుకుంటానని ఒక మనిషి అనడం ఎంత హాయిగా ఉంటుందో ఆ క్షణం దాకా వకుళకు తెలియదు. ఆమె చేయి దానంతటదే నడుముకున్న వెదురు గొట్టం మీదికి పోయింది. గొట్టం తీసింది. ఆయన చేతిలో పెట్టబోతూ, ఇంటి అలవాటు కొద్దీ, "రసీదు రాసివ్వండి నాన్నా" అంది.

"తండ్రీకూతుళ్ల మధ్య రసీదేమిటమ్మా!"

వకుళ చేయి ఆగిపోయింది. నందిగుప్తుడు తన ఇంటి కొట్లోంచి శేరు ఉప్పు తీసుకున్నా భార్య పేర చీటీ రాసిచ్చే మనిషి.

"ఒక్క ముక్క చాలు నాన్నా. 'ముట్టింది' అని."

ముసలాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేను రాయను" అన్నాడు. "ఇక జన్మలో ఎవరికీ ఏమీ రాయను!"

ఆ గొంతు తండ్రిది కాదు. తలపాగా కింది నుంచి బూడిదరంగు జుట్టు పాయలు పాయలుగా జారి నేల మీద పడుతోంది. సారంగుడు పూలబుట్ట ఒకటి ఎత్తి ఆ మొహం మీద బోర్లించాడు. అతను మొహం మీది బంతిపూలు దులుపుకునేలోగా ఇద్దరూ పరుగున న్యాయస్థానం మెట్లెక్కారు. తన తండ్రి ఇంకా కొండ మీదే ఉన్నాడన్న సంగతి పరుగెత్తుతున్నంతసేపూ వకుళ గుండెలో ముల్లులా కదులుతూనే ఉంది.

హేమకూటపు ధర్మాధికారిణి పేరు సువ్రత. డెబ్బై ఏళ్ల మనిషి. మూడు తరాల రాజులకు తీర్పులు చెప్పింది, అందులో ఇద్దరు రాజుల మీద చెప్పింది. పక్కన లేఖకుడు. వకుళ తండ్రి ముద్రటుంగరం చూపించి, ఆయన తరఫున దావా వేసి, ముంగిసైన అమీను సంగతి చెప్పి, తాటాకు ముందు పెట్టింది. సువ్రత తాటాకును ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"ప్రతివాది ఏడీ?"

"ఇక్కడే ఉన్నాను!" సభామండపం ద్వారం పగిలిపోయింది. జుట్టులో ఇంకా రెండు బంతిపూలతో భస్మకేశుడు లోపలికి వచ్చాడు. "ఆ పత్రం ఇటు తెండి!" అని చేయి విసిరాడు. మండపంలోని పన్నెండు స్తంభాలూ పన్నెండు కాలనాగులై పడగలు విప్పాయి. జనం కకావికలై పరుగెత్తారు.

సువ్రత లేఖకుడి వైపు వంగింది. "స్తంభాలు పాములయ్యాయి అని రాసుకో. మళ్లీ నిలబెట్టే ఖర్చు ప్రతివాదిది. ఊఁ, భస్మకేశా, ఈ చేవ్రాలు నీదేనా?"

పన్నెండు పడగల నీడలో కూర్చున్న ఆ ముసలామెను చూసి భస్మకేశుడికి ఏం చేయాలో తోచలేదు. ఆమెను ఎలుకగా మారిస్తే పై న్యాయస్థానం తన తాయెత్తుల పరవానా రద్దు చేస్తుంది. అతను పాముల్ని మళ్లీ స్తంభాలుగా మార్చాడు.

"చేవ్రాలు నాదే" అన్నాడు. "కానీ అది చెల్లదు. ఈమె మణిద్వీపపు రాణి దూతనని వేషం వేసుకొచ్చి నన్ను మోసగించి రాయించుకుంది."

"నిజమేనా అమ్మాయీ?"

"నిజమే తల్లీ" అంది వకుళ.

"మణిద్వీపం ఎక్కడుంది?"

"ఎక్కడా లేదు తల్లీ. నేనే పెట్టాను ఆ పేరు."

భస్మకేశుడు ఉలిక్కిపడ్డాడు. ఆ రాణి తాతగారిని తాను ఎరుగుదునన్న సంగతి అతనికి గుర్తొచ్చినట్టుంది.

"లేని దేశానికి దూత కావడం నేరమని శాసనంలో ఎక్కడా లేదు" అంది సువ్రత. "ఇంతకీ నీ మెడ మీద కత్తి పెట్టిందా?"

"నా మెడ మీదా!"

"ఎనిమిది వేల నాలుగు వందలన్న అంకె ఆమె చెప్పిందా?"

"నేనే చెప్పాను. కానీ..."

"అది అబద్ధమా?"

భస్మకేశుడు లెక్క వేసుకున్నాడు. అబద్ధమంటే నలభై భూతాల ముందు తను చెప్పుకున్న గొప్పంతా పోతుంది. "నిజమే" అన్నాడు. "అయినా అది నందిగుప్తుడికి రాసింది కాదు. వేరేవాళ్లకు రాసుకున్న జాబు పట్టుకొచ్చి నామీదే దావా వేస్తారా?"

"బాకీ ఉన్నానని గోడకు రాసినా బాకీ బాకీయే. ఎవరికి రాశావన్నది కాదు, ఎవరికి బాకీ ఉన్నానని రాశావన్నది చూస్తాం. ఇంకేమైనా ఉందా?"

అప్పుడు భస్మకేశుడు నవ్వాడు. ఆ నవ్వుకు దీపాలు రెపరెపలాడాయి. "తరువాతి వాక్యం చదవండి తల్లీ. 'ఆ సొమ్ము నేను ఇవ్వను.' నా చేత్తో రాశాను. ఇస్తానని ఒక్క మాట ఉందా అందులో?"

మూడు రాత్రులుగా వకుళ నిద్ర చెడగొట్టిన వాక్యం అదే. సారంగుడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

సువ్రత తాటాకును మళ్లీ ముక్కుకు ఆనించుకుంది.

"'బాకీ ఉన్నాను' అన్నది సాక్ష్యం" అంది చివరికి. "'ఇవ్వను' అన్నది నీ ఇష్టం. సాక్ష్యం చెప్పాల్సింది నువ్వు కాబట్టి నీ మాట తీసుకున్నాను. ఇష్టాయిష్టాలు నీ చేతిలో ఉంటే ఇక ఇక్కడ నేనెందుకు కూర్చోవడం? అయినా, లేని బాకీని ఇవ్వనని ఎవరూ అనరు. గడువు తీరకముందే, చేవ్రాలుతో, తిథీ ఘడియతో సహా ఒప్పుకున్నావు. ఈ పత్రం చెల్లుతుంది."

వకుళ స్తంభానికి చేరగిలబడింది. అది ఇందాకటి పాము. ఆమె పట్టించుకోలేదు.

"సరే!" భస్మకేశుడు తేరుకున్నాడు. "నేను రాసిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు గడువు మొదలైందన్నమాట. మూడేళ్ల తరువాత కనబడండి."

"ఆ మూడేళ్లు ఆమె నా దగ్గరికి రావడానికి. నువ్వు ఇవ్వడానికి కాదు" అంది సువ్రత. "ఆమె వచ్చేసింది. సొమ్ము ఈ మధ్యాహ్నానికి కట్టు."

"కట్టను."

"అదీ రాసుకో" అంది లేఖకుడితో. తరువాత ఒక పొడవాటి పసుపు పత్రం తీసి, కింద రాజముద్ర వేసి, వెనక జిగురు పూసి, వకుళకు అందించింది. "ఇది ధూమగిరి కోట మీద జప్తు. పౌర్ణమిలోగా కోట అమ్మించి నీ సొమ్ము నీకిప్పిస్తాను. కానీ తీర్పు చెప్పడం వరకే నా పని. వెళ్లి అంటించాల్సింది అమీను. అతను ముంగిసగా ఉన్నాడట కదా, నువ్వే చూసొచ్చావు. కాబట్టి ఆ అధికారం నీకిస్తున్నాను. కోట గోడకు ఇది అంటిన క్షణం నుంచి ఆ కోట రాజుగారి స్వాధీనం. రాజముద్ర పడ్డ ఆస్తి మీద ఏ మంత్రమూ నిలవదు, ఉన్న మంత్రమైనా ఊడిపోతుంది."

"అంటించుకోండి, ముందు కోట కనబడితే!" భస్మకేశుడు గుప్పిట తెరిచాడు. అరచేతిలో, నిమ్మకాయంత, ఏడు ప్రాకారాలతో, ఏడు రంగుల పొగలతో ధూమగిరి కోట మెరుస్తోంది. జలపాతం దగ్గర పులులు ఓడిన రోజే అతను కోటను కుదించి వెంట తెచ్చుకున్నాడు.

అతను గుప్పిట మూసి ఈల వేశాడు. న్యాయస్థానపు పైకప్పు ఫెళ్లున ఎగిరిపోయింది. ఆకాశమంతా చీకటి చేస్తూ గండభేరుండ పక్షి దిగింది. రెండు తలలు, నాలుగు కెంపు కళ్లు, ఒక్కో ఈక ఒక్కో కొబ్బరాకంత. భస్మకేశుడు దాని వీపెక్కాడు. పక్షి లేచింది. వకుళ జప్తు పత్రాన్ని పళ్ల మధ్య కరుచుకుని, పరుగెత్తి, ఎగిరి, దాని కుడికాలు పట్టుకుంది.

"అమ్మాయిగారూ!" సారంగుడు వీధిలోకి ఉరికి గుర్రమెక్కాడు. "సముద్రం దాకా వెనకాలే వస్తానమ్మా! ఆ తరువాత పడవ చూస్తాను!"

"పైకప్పు కూడా రాసుకో" అంటున్న సువ్రత గొంతు కిందెక్కడో చిన్నగా వినిపించింది.

నగరం నాణెమంత అయింది. అడవులు నాచులా, నదులు వెండి తీగల్లా వెనక్కి పోయాయి. కాసేపటికి కింద అంతా సముద్రమే. గాలి కొరడాలా కొడుతోంది. వకుళ గోళ్లు పట్టుకుని మోకాలి దాకా, మోకాలి నుంచి రెక్క కిందికి, అక్కడి నుంచి ఈక మీద ఈక పట్టుకుంటూ పాకింది. పక్షి కుడి తల వెనక్కి తిరిగి ఆమెను చూసింది. ఎడమ తలకు దారి చూసే పని ఉంది.

భస్మకేశుడు కళ్లు మూసుకుని, ఒడిలో చేయి పెట్టుకుని, ఏ దీవి మీద కోట దింపాలా అని ఆలోచిస్తున్నాడు. గుప్పిట సడలి ఉంది. వకుళ అతని వీపు వెనక నుంచి చేయి చాపి, పళ్ల మధ్య నుంచి పత్రం తీసుకుంది. ఒక్క చిక్కు వచ్చింది. పత్రం కోటకంటే పెద్దది. అంటించడానికి గోడ చాలదు.

ఆమె కోటను లడ్డూలా పత్రంలో చుట్టేసి గట్టిగా నొక్కింది.

భస్మకేశుడు కళ్లు తెరిచాడు. అరచేతిలో పసుపు పొట్లం. పొట్లం మీద రాజముద్ర.

"ఏం చేశావే!"

"జప్తు చేశాను" అంది వకుళ రొప్పుతూ.

అతను పత్రాన్ని చింపబోయాడు. అది కదలలేదు. పొట్లం లోపల ఏదో కిర్రుమంది. నిమ్మకాయ బత్తాయి అయింది. బత్తాయి గుమ్మడికాయ అయింది. భస్మకేశుడు కుదింపు మంత్రం చదివాడు. గుమ్మడికాయ గాదె అయింది. మొదటి బురుజు అతని చంక కిందుగా పొడుచుకొచ్చింది. ఒక రాతి సింహం అతని మొహం మీదే ఆవలించింది. మెట్లు ఒకటొకటిగా, వెయ్యిన్నొక్కటీ, పక్షి తోక మీదుగా గాలిలోకి సాగిపోతున్నాయి.

ఆ బరువుకు పక్షి అంతకంతకూ కిందికి కుంగిపోతోంది. కింద ఏడు తాటిచెట్ల లోతున నీలంగా సముద్రం. దీవి కనుచూపు మేరలో లేదు.

గండభేరుండ పక్షి రెక్కలు రెండుసార్లు ఆడించింది. మూడోసారి ఆడలేదు. దాని రెండు తలలూ, పుట్టిన తరువాత మొదటిసారిగా, ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.